వెయ్యి రూపాయల ఓబీడీ రీడరు, మొదటిసారి మార్చిన ఇన్‌టేక్ మానిఫోల్డ్

మొన్నటి సంక్రాంతి సెలవుల్లో 1,100 రూపాయలు పెట్టి ఒక బ్లూటూత్ ఓబీడీ రీడరు తెప్పించుకున్నాను. కారు తన లోపాలను తానే కనిపెట్టి చెప్పే ఏర్పాటును ఓబీడీ అంటారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదిగా ఉండే ఈ నీలిరంగు ప్లాస్టిక్ డబ్బీని స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌లో గుచ్చితే, కారులోని కంప్యూటరు తన సెన్సర్ల నుంచి తెలుసుకుంటున్న అంకెలన్నీ ఫోను తెర మీదికి వస్తాయి. ఎనిమిది నెలలు వాడిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ డబ్బీ లేకపోతే నా కారు జబ్బు దొరికేది కాదు. అయితే ఆ జబ్బును పట్టించింది అది మొదట చూపించిన లోపం కోడు కాదు, ఆ కోడు వెనుక ఉన్న అంకెలు. కొనేవారిలో చాలామంది కోడు చదివి, ఆ కోడుకు తగిన సామాను కొనేసి, డబ్బు పోగొట్టుకుంటున్నారని నా చుట్టుపక్కలే చూస్తున్నాను కాబట్టి, జరిగినదంతా వివరంగా చెప్పడం అవసరమని నాకు అనిపించింది.

మాది మలికిపురం. గోదావరి అవతల నరసాపురంలో జూనియర్ కళాశాల విద్యార్థులకు భౌతికశాస్త్రం చెబుతాను. రోజూ బండి మీద సఖినేటిపల్లి రేవుకు వెళ్లి, బండ్లనూ మనుషులనూ ఏరు దాటించే పంటు ఎక్కుతాను గాని, వారానికోసారి అమ్మను ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి ఉండడంతో ఆ రోజు కారు తీస్తాను. అది 2014లో తయారైన నాలుగు సిలిండర్ల పెట్రోలు కారు, ఇంజను సుమారు 1,200 సీసీ. సార్వా కోతలు కాగానే చేలల్లో తిండి లేక ఎలుకలు, పందికొక్కులు ఇళ్ల మీద పడడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే. ఈసారి అవి మా కారు బానెట్ కిందికి చేరి, ఇంజను లోపలి ఆవిరిని, సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోకి తీసుకువెళ్లే రబ్బరు గొట్టాన్ని సగానికి కొరికేశాయి. కొత్త గొట్టం తెచ్చి, పాతదాని ముక్కను లాగబోతే, పదేళ్ల వేడికి పెళుసెక్కి ఉన్న మానిఫోల్డ్ ప్లాస్టిక్ ముక్కు మొదట్లోకంటా విరిగి నా చేతిలోకి వచ్చింది. జిగురుతో అతికించడం నాకు ఇష్టం లేదు. ఆ జిగురు ముక్క ఎప్పటికైనా ఊడితే వెళ్లేది సిలిండర్ లోపలికే.

కొత్త మానిఫోల్డ్ ధర విన్న తరువాత, బంధువుల పెళ్లికి విజయవాడ వెళ్లినప్పుడు ఆటోనగర్‌లో తిరిగి, అదే మోడల్ కారు నుంచి తీసిన వాడిన మానిఫోల్డ్‌ను 2,200 రూపాయలకు తెచ్చాను. దాని ముక్కులన్నీ వంగకుండా, పగలకుండా ఉన్నాయి. నాలుగు రంధ్రాల చుట్టూ గాడిలో కూర్చుని ఉన్న రబ్బరు సీళ్లు కూడా పైకి బాగానే కనబడ్డాయి. కొత్త సీళ్ల సెట్టు నాలుగు వందల లోపే దొరుకుతుంది. నేను ఆ రోజు దానిని కొనలేదు. తరువాతి పది రోజుల తిప్పలకు మూలం ఆ ఒక్క నిర్ణయమే కాబట్టి దానిని ముందే చెబుతున్నాను.

మార్చే పని కనుమ మరునాడు పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికి ముగించాను. మా కారులో పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్ల పట్టీ సిలిండర్ హెడ్డుకే బిగించి ఉండడం వల్ల పెట్రోలు పైపు విప్పవలసిన పని పడలేదు. బ్యాటరీ తీగ తీశాను. విప్పే ముందు ప్రతి గొట్టానికీ, ప్రతి కనెక్టరుకూ ఫొటో తీసి, అంకె రాసిన కాగితపు పట్టీ చుట్టాను. పాత మానిఫోల్డ్ బయటికి వచ్చాక తెరిచి ఉన్న నాలుగు రంధ్రాల్లో పాత పంచె గుడ్డ ముక్కలు నాలుగు పెట్టి, మళ్లీ బిగించే ముందు నాలుగూ లెక్కపెట్టి తీశాను. ఒక నట్టుగాని, గుడ్డ ముక్కగాని లోపల ఉండిపోతే ఇంజనే పోతుంది. ఇదంతా శ్రద్ధగా చేశాను. తప్పు జరిగినది చివరలో, మానిఫోల్డ్‌ను ఇంజను వెనుక ఇరుకు జాగాలోకి పక్కకు వంచి దించేటప్పుడు.

సెల్ఫ్ కొట్టగానే ఇంజను పట్టుకుంది గాని, వేడెక్కిన తరువాత 750 దగ్గర నిలవవలసిన ఐడిలింగ్, అంటే రేసు ఇవ్వనప్పుడు ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు, 1,400 ఆర్‌పీఎం దగ్గర పైకీ కిందికీ ఊగింది. బుస్సుమని సన్నటి శబ్దం వినిపించింది. బ్రేకు తొక్కితే పెడలు రాయిలా గట్టిగా ఉంది. బ్రేకు బూస్టరుకు కావలసిన పీల్పు మానిఫోల్డ్ నుంచే వస్తుంది కాబట్టి ముందు ఆ గొట్టమే చూశాను. క్లిప్పు ముక్కు అంచు మీదనే ఆగిపోయి, లోపలికంటా జరగలేదు. దానిని సరిచేయగానే బ్రేకు మామూలుగా అయింది, బుస ఆగింది. ఈ పని సొంతంగా చేసుకునేవారు ఎవరైనా సరే, రోడ్డు మీదికి వెళ్లే ముందు, కారు నిలిపి ఉన్నచోటనే బ్రేకు పెడలు మెత్తగా దిగుతున్నదో లేదో తప్పకుండా చూసుకోవాలి. తక్కిన లోపాలు కారును ఆపేస్తాయి, ఇది మాత్రం కారును ఆగనివ్వదు.

ఆ తరువాత కూడా ఐడిలింగ్ 1,100 కంటే కిందికి దిగలేదు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇంజను మిస్సింగ్ కొట్టి వణికేది. రెండో రోజున చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. తెలిసిన మెకానిక్ వచ్చి విన్నాడు. "మేష్టారండీ, కాయిల్ పోయుంటుందండి, లేదంటే మానిఫోల్డ్ చుట్టూ సిలికాన్ గమ్ పట్టించేద్దామండి" అన్నాడు. కాయిల్ అంటే స్పార్క్ ప్లగ్గులో నిప్పు పుట్టించే కరెంటును అందించేది. అతను మంచి పనివాడు, డీజిలు ఇంజన్ల విషయంలో నాకు అతని మాట మీద గురి ఉంది. అయితే గాడిలో కూర్చునే రబ్బరు సీలు ఉన్నచోట గమ్ పూయకూడదు. అది సీలును గాడిలో సరిగా కూర్చోనివ్వదు, పిండుకుని లోపలికి వచ్చిన ముక్కలను ఇంజను పీల్చుకుంటుంది, సెన్సర్లకు పనికిరాని రకం సిలికాన్ అయితే దాని ఆవిరి ఆక్సిజన్ సెన్సరును పాడుచేస్తుంది. పొగ పంపి లీకు పట్టే యంత్రం కోసం నరసాపురంలోనూ పాలకొల్లులోనూ మూడు షెడ్లలో అడిగితే మూడింటిలోనూ లేదన్నారు. ఆ రాత్రే ఈ రీడరుకు ఆర్డరు పెట్టాను.

డబ్బీ వచ్చిన సాయంత్రం ఫోనుకు జత చేయడానికి ఐదు నిమిషాలు పట్టింది. ఆండ్రాయిడ్ ఫోనులో బ్లూటూత్ పేరు ఎంచుకుని 1234 అని కొడితే చాలు. ఉచితంగా దొరికే ఆప్ వేసుకుని కోడ్లు చదివించగా పీ0304 అని వచ్చింది. ఈ అంకెల్లో ఒక క్రమం ఉంది. పీ అంటే ఇంజను, గేరుబాక్సుల విభాగం. సున్న అంటే అన్ని కంపెనీలకూ ఉమ్మడి కోడు. మూడు అంటే ఇగ్నిషన్, మిస్‌ఫైరులకు సంబంధించినది. చివరి 04 నాలుగో సిలిండరు. నాలుగో సిలిండరు మండడం లేదని తెలిసింది గాని, ఎందుకు మండడం లేదో ఆ కోడులో ఎక్కడా లేదు. ఆప్ మాత్రం కింద ఒక జాబితా చూపించి, అందులో మొదటి పేరుగా ఇగ్నిషన్ కాయిల్ అని రాసింది. నా జేబు నుంచి రెండు వేల రూపాయలు అక్కడికక్కడే పోవలసినవి.

కాయిల్ కొనే ముందు ఉన్న కాయిళ్లనే అటూ ఇటూ మార్చి చూశాను. నాలుగో సిలిండరు కాయిల్‌ను రెండో దానికి, రెండో దానిని నాలుగుకు వేశాను. లోపం కాయిల్‌లో ఉంటే కోడు పీ0302గా మారి రావాలి. ఇక్కడే ఒక పెద్ద పొరపాటు చేశాను. మార్చిన వెంటనే పాత కోడును ఆప్‌లోని బటను నొక్కి చెరిపేశాను. కోడు పడిన క్షణాన ఇంజను ఏ స్థితిలో ఉందో, అంటే ఆర్‌పీఎం ఎంత, ఇంజను వేడి ఎంత, లోడు ఎంత అనే వివరాలను కంప్యూటరు ఒక ఫొటోలాగా దాచి ఉంచుతుంది. దానిని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. కోడుతో పాటు అదీ పోయింది. అంతకాలం కంప్యూటరు నేర్చుకుని దాచిన ఇంధన సవరణ లెక్క కూడా సున్నాకు వచ్చింది. రోగి నాడి చూడకుండానే కేసు కాగితం చింపేసినట్టయింది. మళ్లీ కోడు పడడానికి రెండు రోజులు ఆగవలసి వచ్చింది. ఈ రీడరు కొన్న ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పే మాట, చెరిపే బటను జోలికి వెళ్లే ముందు తెర మీద ఉన్న ప్రతి అంకెనూ ఫొటో తీసుకోండి అని.

రెండు రోజుల తరువాత వచ్చినది మళ్లీ పీ0304. కాయిల్ నిర్దోషి. స్పార్క్ ప్లగ్గులు మార్చి చూసినా అదే సిలిండరు. పొడవాటి స్క్రూడ్రైవరు ఇంజెక్టరుకు ఆనించి పిడి దగ్గర చెవి పెట్టి వింటే, నాలుగింటిలోనూ ఒకేరకమైన టకటక వినిపించింది. ఈసారి ఫ్రీజ్ ఫ్రేమ్ చూడగా, కోడు పడినప్పుడు కారు కదలడం లేదు, ఇంజను 24 డిగ్రీల దగ్గర చల్లగా ఉంది, ఐడిలింగ్‌లో ఉంది. అంటే కారు నిలబడి ఉన్నప్పుడే వచ్చి, నడుస్తుంటే పోయే జబ్బు. ఇది తెలియగానే నా ఆలోచన నిప్పు వైపు నుంచి గాలి వైపుకు మళ్లింది.

ఇక్కడి నుంచి ఈ డబ్బీ అసలు విలువ మొదలయింది. ఇంజను ఆపి, తాళం మాత్రం ఆన్‌లో ఉంచి, మానిఫోల్డ్ లోపలి ఒత్తిడిని చూపించే మ్యాప్ సెన్సరు అంకె చూశాను. 101 కిలోపాస్కల్ అని ఉంది. ఇంజను తిరగనప్పుడు మానిఫోల్డ్‌లో ఉండేది బయటి గాలే కాబట్టి, ఆ సెన్సరు బయటి గాలి ఒత్తిడినే చూపించాలి. సముద్రమట్టం దగ్గర అది 101.3. మన కోనసీమ సముద్రమట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉంది కాబట్టి 101 అంటే సెన్సరు సరిగ్గా ఉన్నట్టే లెక్క. ఇదే పరీక్ష హైదరాబాదులో చేస్తే 95 దగ్గర రావాలి, ఎందుకంటే ఆ నగరం 500 మీటర్లకు పైన ఉంది. కొత్తగా పెట్టిన మానిఫోల్డ్‌తో పాటు దాని మీది సెన్సరు కూడా పాతసామానుదే కావడం వల్ల నాకు దాని మీద అనుమానం ఉండేది. పైసా ఖర్చు లేని ఈ పరీక్షతో ఆ అనుమానం తీరింది.

తరువాత ఇంజను స్టార్టు చేసి బాగా వేడెక్కనిచ్చి, ఏసీ ఆపి చూశాను. 46 కిలోపాస్కల్ ఉంది. ఆరోగ్యంగా ఉన్న ఇలాంటి పెట్రోలు ఇంజను వేడి మీద ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు మానిఫోల్డ్ ఒత్తిడి 30కి, 35కి మధ్యలో ఉంటుంది. గాలి లోపలికి వెళ్లే దారిలోని రెక్క, అంటే థ్రాటిల్, దాదాపు మూసి ఉండగా పిస్టన్లు గాలిని పీల్చడం వల్ల లోపల అంత తక్కువ ఒత్తిడి ఏర్పడుతుంది. అది 46 దగ్గర ఉన్నదంటే, థ్రాటిల్ గుండా కాకుండా మరొక దారిలో గాలి వచ్చి పడుతున్నదన్న మాట. వాల్వుల టైమింగ్ తప్పినా ఇలాగే పెరుగుతుంది గాని, నేను ఆ వైపు చెయ్యి పెట్టనే లేదు.

ఇక ఇంధన సవరణ అంకెలు. పొగగొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి, పెట్రోలు తక్కువవుతున్నదని తోస్తే కంప్యూటరు తన లెక్క కంటే కొంచెం ఎక్కువ పోస్తుంది, ఎక్కువవుతున్నదని తోస్తే తగ్గిస్తుంది. ఆ హెచ్చుతగ్గులను శాతాల్లో రెండు అంకెలుగా ఆప్ చూపిస్తుంది. ఒకటి అప్పటికప్పుడు చేసేది, రెండవది కొంతకాలంగా నేర్చుకుని స్థిరపరచుకున్నది. రెండూ కలిపి ఇటు ఐదు, అటు ఐదు శాతం లోపల ఊగుతుంటే ఇంజను బాగున్నట్టు. పది దాటితే వెతకాలి. నా కారులో ఐడిలింగ్ మీద రెండూ కలిపి ప్లస్ 17 వచ్చింది. అబ్బాయిని సీటులో కూర్చోబెట్టి 2,500 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా రేసు పట్టి ఉంచమంటే, అర నిమిషంలో అది ప్లస్ 4కు దిగింది. రేసు వదిలితే మళ్లీ 17. ఈ ఒక్క పోలికతో జబ్బు సగం తేలిపోయింది. పెట్రోలు పంపు బలహీనమైతేనో, ఫిల్టరు పూడుకుపోతేనో రేసు పెంచినకొద్దీ లోటు పెరగాలి. లీకు విషయంలో దీనికి విరుద్ధంగా జరుగుతుంది, ఎందుకంటే చిన్న కన్నంలోంచి వచ్చే దొంగగాలి ఐడిలింగ్‌లో ఇంజను పీల్చే కొద్దిపాటి గాలిలో పెద్ద వాటా అవుతుంది, రేసు మీద పీల్చే గాలితో పోలిస్తే లెక్కలోకి రాదు.

ఆప్‌లో ఉన్న సలహాల పేజీ ఇక్కడ పక్కదారి పట్టిస్తుంది, ఆ సంగతి విడమరచి చెప్పాలి. మానిఫోల్డ్ లీకు ఉంటే పీ0171, అంటే మిశ్రమం పలచబడిందనే కోడు రావాలని అది చెబుతుంది. గాలి ఎంత లోపలికి వెళ్తున్నదో ఫిల్టరు దగ్గరే కొలిచే సెన్సరు ఉన్న కార్లలో ఈ మాట నిజం, ఎందుకంటే ఆ సెన్సరును దాటిన తరువాత దూరిన గాలి లెక్కకు అందదు. మా కారులాగా మానిఫోల్డ్ ఒత్తిడిని బట్టి గాలిని లెక్కగట్టే ఇంజన్లలో, దూరిన దొంగగాలి కూడా ఒత్తిడిని పెంచుతుంది కాబట్టి కంప్యూటరు దానిని అసలు గాలిగానే నమ్మి దానికి సరిపడా పెట్రోలు పోస్తుంది. ఫలితంగా మిశ్రమం మొత్తం మీద అంతగా పలచబడదు, ఐడిలింగ్ మాత్రం పెరిగిపోతుంది. మరి నా కారులో మిస్సింగ్ ఎందుకు వచ్చిందంటే, లీకు ఒక్క సిలిండరు నోటి దగ్గరే ఉంది. నాలుగు ఇంజెక్టర్లూ సమానంగా పోస్తుంటే, ఆ ఒక్క సిలిండరుకు మాత్రం గాలి ఎక్కువైంది. అది మండక వదిలేసిన ఆక్సిజన్ పొగగొట్టంలో సెన్సరుకు తగిలి, సవరణను ప్లస్ వైపు లాగింది. ఎక్కువ ఐడిలింగ్, ఎక్కువ ఒత్తిడి, ఒక్క సిలిండరు మిస్సింగ్, రేసు మీద తగ్గే సవరణ, ఈ నాలుగూ ఒకేచోటును చూపించాయి.

నిర్ధారణ కోసం కొందరు కార్బొరేటర్ క్లీనర్ చల్లుతారు. వేడెక్కిన ఇంజను మీద, కాయిళ్ల పక్కన మండే ద్రవం చల్లడం నాకు సమ్మతం కాదు. ఇంట్లో ఇస్త్రీకి వాడే నీళ్ల స్ప్రేతో, కనెక్టర్లను తప్పించి, ఒక్కొక్క నోటి అంచు మీద సన్నగా నీరు కొట్టాను. మొదటి మూడు చోట్ల ఏ మార్పూ లేదు. నాలుగో దాని అడుగు అంచు తడవగానే ఒక్క క్షణం ఇంజను కంఠం మారి, ఫోను తెర మీద 46 అంకె 41కి దిగి మళ్లీ ఎక్కింది. నీరు కన్నాన్ని ఆ క్షణం పాటు మూసిందన్న మాట. మూడుసార్లు చేసినా మూడుసార్లూ అలాగే జరిగింది.

మానిఫోల్డ్ మళ్లీ విప్పాను. నాలుగో రంధ్రం సీలు అడుగు భాగంలో గాడిలోంచి జారి, లోహానికీ ప్లాస్టిక్‌కూ మధ్య నలిగి చదునైపోయి ఉంది. పదేళ్లు వాడిన రబ్బరు బిగువు పోయి గాడిని పట్టుకోలేకపోయింది, దించేటప్పుడు నేను వంచిన వంపుకు ఊడివచ్చింది. కొత్త సెట్టును రాజోలులో 380 రూపాయలకు తెప్పించుకున్నాను. కొత్త సీలు గాడిలో పెట్టాక మానిఫోల్డ్‌ను తలకిందులు చేసి దులిపినా ఊడదు. ఆ పరీక్ష చేసిన తరువాతే దించాలి. హెడ్డు ముఖాన్ని ప్లాస్టిక్ గీకుడుతో శుభ్రం చేసి, పొడిగా తుడిచి, ఈసారి పక్కన మనిషిని పెట్టుకుని నిటారుగా దించాను. బోల్టులను మధ్య నుంచి మొదలుపెట్టి రెండు విడతల్లో బయటికి బిగించాను. ఎరువు తెచ్చుకున్న టార్క్ రెంచితో, సర్వీసు పుస్తకంలో ఉన్న బిగువుకే ఆపాను. ప్లాస్టిక్ మానిఫోల్డ్ బోల్టు రంధ్రాల్లో లోహపు బుషులు ఉంటాయి. బోల్టు తల ఆ బుషుకు తగిలిన తరువాత ఎంత బలంగా తిప్పినా సీలు మీద ఒత్తిడి ఇసుమంతైనా పెరగదు, అల్యూమినియం హెడ్డులోని మర మాత్రం తెగుతుంది. లీకు వస్తున్నదని మరింత బిగించేవారు ఈ సంగతి తెలుసుకోవాలి.

స్టార్టు చేసి వేడెక్కనిచ్చాక 33 కిలోపాస్కల్ వచ్చింది. మిస్సింగ్ పూర్తిగా పోయింది. ఐడిలింగ్ ఇంకా 950 దగ్గర ఉండడంతో మనసులో కలవరపడ్డాను గాని, ఒత్తిడి, సవరణ రెండూ సరిగా ఉన్నాయి కాబట్టి మళ్లీ విప్పలేదు. బ్యాటరీ తీగ తీసినప్పుడు ఐడిలింగ్‌కు థ్రాటిల్ ఎంత తెరవాలో నేర్చుకున్న లెక్కను కంప్యూటరు మరచిపోతుంది. పది నిమిషాలు ఏసీ లేకుండా, మరో పది నిమిషాలు ఏసీతో నడిపించి, తాటిపాక దాకా వెళ్లివచ్చేసరికి 760కి దిగి అక్కడే నిలిచింది. అంకెలు చూసే సాధనం లేకపోయి ఉంటే, ఆ సాయంత్రం నేను మూడోసారి మానిఫోల్డ్ విప్పి ఉండేవాడిని. థ్రాటిల్ బాడీ గుండా వెళ్లే కూలెంట్ గొట్టాలను విప్పడం వల్ల లోపల గాలి బుడగ ఏమైనా చిక్కుకున్నదేమోనని, వారం రోజుల పాటు ఇంజను వేడిని కూడా ఈ తెర మీదే గమనించాను. 90కి అటూ ఇటూగా నిలకడగా ఉంది.

ఇక ఈ వస్తువు లోపాలు. దీని అట్ట మీద ఈఎల్‌ఎం327, వెర్షన్ 1.5 అని ముద్రించి ఉంది. ఈఎల్‌ఎం327 అనేది కెనడాకు చెందిన ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ రూపొందించిన చిప్పు. మొదటి వెర్షన్‌కు నకలు తీయకుండా రక్షణ పెట్టకపోవడంతో దాని నకళ్లు ప్రపంచమంతా వ్యాపించాయి. 1.5 అనే వెర్షన్‌ను ఆ సంస్థ ఎన్నడూ విడుదల చేయలేదు, పైగా ఆ సంస్థే 2022లో మూతపడింది. కాబట్టి ఈ ధరలో దొరికేవన్నీ నకళ్లేనని తెలిసే కొనాలి. నాకు వచ్చినది పనిచేసింది. మా తోడల్లుడు అదే ధరకు తెప్పించుకున్నది అతని కారుతో అసలు మాట్లాడలేదు, తిప్పి పంపవలసి వచ్చింది.

అంకెలు నెమ్మదిగా వస్తాయి. నాలుగైదు సెన్సర్లు ఒకేసారి చూపించమంటే ప్రతి అంకె సెకనుకు ఒకసారి కూడా మారదు. అందుకని ఏ పరీక్షకైనా రెండే అంకెలు ఎంచుకుని చూడాలి. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు ఇది చదవలేదు. ఉచిత ఆప్‌లో ప్రకటనలు సరిగ్గా అంకె చూడవలసిన సమయానికే తెరను కప్పేస్తాయి. కొద్దిగా డబ్బు కట్టి ఆ బాధ వదిలించుకున్నాను. అన్నిటికంటే పెద్ద లోపం దీనికి ఆపే బటను లేకపోవడం. సాకెట్‌లోకి ఎప్పుడూ కరెంటు వస్తూనే ఉంటుంది కాబట్టి, వేసవిలో దీనిని అలాగే వదిలి పన్నెండు రోజులు ఊరికి వెళ్లివచ్చేసరికి, అసలే పాతబడిన బ్యాటరీ దిగిపోయింది. అలా గుచ్చి ఉంచితే, దగ్గరలో ఉన్న ఎవరి ఫోనైనా 1234తో దానికి జత కావచ్చు. పని కాగానే తీసి డాష్‌బోర్డు అరలో పెట్టడమే మంచిది.

పని పూర్తయిన తరువాతి వారం అమ్మను తీసుకుని సఖినేటిపల్లి రేవుకు వెళ్లాను. పంటు మీదికి ఎక్కేచోట పలకల వాలు మీద క్లచ్ సగం నొక్కి, కదలీ కదలకుండా ఇంజనును ఐడిలింగ్ మీద నిలపవలసి వస్తుంది. జబ్బు ఉన్న రోజుల్లో ఒకసారి అక్కడే ఇంజను ఆగిపోయి, వెనుక ఆటోలు హారన్లు కొడుతుంటే పంటువాళ్లు తోసి ఎక్కించారు. అమ్మ ఆ రోజు చాలా భయపడింది. ఆ తరువాత ఆమె మాట కాదనలేక దిండి, చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్లాం. ఈసారి ఇంజను 760 మీద నిమ్మళంగా ఉండగానే కారు పంటు ఎక్కింది. "ఇప్పుడు వణకడం లేదురా" అని అమ్మే అంది.

కొనదలచినవారికి కొన్ని మాటలు. మన దేశంలో కార్లకు ఓబీడీ మొదటి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయ్యాయి. 2013 తరువాతి కారు అయితే ఈ రీడరు చాలావరకు పనిచేస్తుంది. అంతకు ముందుదైతే, తిప్పి తీసుకుంటారో లేదో అడిగి గాని కొనవద్దు. ఐఫోను ఉన్నవారు మామూలు బ్లూటూత్ రకం కాకుండా వైఫై రకంగాని, ఐఫోనుకు కుదురుతుందని స్పష్టంగా రాసి ఉన్నదిగాని చూసుకోవాలి. లైటు వెలిగినప్పుడు కోడు చదివి షాపులో సామాను పేరు చెప్పడానికి మాత్రమే కావాలనుకునేవారికి దీనిని సిఫారసు చేయను, దానికంటే మంచి మెకానిక్‌కు ఆ డబ్బు ఇవ్వడం నయం. కారు బాగున్న రోజునే కొని, ఇంజను ఆపి ఉన్నప్పుడు, వేడి మీద ఐడిలింగ్‌లో, 2,500 రేసు మీద ఒత్తిడి ఎంతో, సవరణ ఎంతో ఒక కాగితం మీద రాసి బండి పుస్తకాల్లో పెట్టుకునే ఓపిక ఉన్నవారికి మాత్రం తప్పక చెబుతాను. నా దగ్గర ఆ కాగితం జనవరిలో లేదు. ఇప్పుడు ఉంది, దాని మీద చివరగా రాసిన వరుస 101, 33, ప్లస్ 2.